మింట్ స్ట్రీట్ నియాన్ బోర్డు

అందరికీ నమస్కారం. మన చెన్నై మింట్ స్ట్రీట్‌లో మూల మీది బట్టల కొట్టు నియాన్ బోర్డు నిన్న దించేశారు. ఎల్‌ఈడీ పెడుతున్నారట. కరెంటు ఖర్చు తక్కువ, వాళ్లను తప్పుపట్టలేం. కానీ మనసు ఊరుకోక వెళ్లి చూశాను. గాజు గొట్టాన్ని మంట మీద వేడిచేసి, చేత్తో వంచిన అక్షరాలవి. అక్షరానికీ అక్షరానికీ మధ్య గొట్టంలో వెలుగు కనపడకుండా పూసిన నల్ల రంగు ఇంకా అలాగే ఉంది. వెలిగినప్పుడు కనిపించే ఆ ఎరుపు పెయింటుది కాదు, లోపలి నియాన్ వాయువుది. నీలానికైతే ఆర్గాన్, కాస్త పాదరసం.

జార్జ్ టౌన్, షావుకారుపేట, మౌంట్ రోడ్డు వైపు ఇంకా ఎక్కడైనా వెలుగుతుంటే రాత్రిపూట ఫోటో తీసి, వీధి పేరుతో ఇక్కడ పెట్టండి. కొట్లున్న అన్నయ్యలూ, పాత బోర్డు తుక్కుకి వేసేముందు ఒక్క ఫోన్ చేయండి, నేనొచ్చి తీసుకెళ్తాను. గొట్టం పగిలితే మాత్రం పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.