మెడ దగ్గరి పైపు డయాలసిస్‌కు మాత్రమే

సంపాదకులకు,

డయాలసిస్ రోగులకు చేతి ఫిస్టులాయే (చేతిలో రెండు రక్తనాళాలను ఆపరేషన్‌తో కలిపి చేసే దారి) మేలని పత్రికల్లో తరచూ చదువుతుంటాను. కాదనను. కానీ మా అమ్మకు 81 ఏళ్లు. చేతికి ఫిస్టులా వేస్తే నరం ఎదగలేదు. గుండె బలం కూడా అంతంత మాత్రమే కావడంతో డాక్టరు మళ్లీ కోతకు ఒప్పుకోక, మెడ కుడివైపు పెద్ద నరంలోకి పర్మక్యాత్ అనే డయాలసిస్ పైపు వేశారు. అది ఛాతీ మీద చర్మం కింద కొంత దూరం నడిచి బయటికొస్తుంది. వయసు, మిగతా జబ్బులు, రోగి ఇష్టం చూసి ఎవరికి తగిన దారి వారికి ఎంచాలని 2019 నాటి అమెరికా కిడ్నీ మార్గదర్శకాలు కూడా చెప్పాయి. కాబట్టి ‘ఇంకా పైపుతోనే ఉన్నారా’ అని ముసలివాళ్ల ముందు పెదవి విరిచేవారు కాస్త ఆగాలి.

నా ఫిర్యాదు వేరే ఉంది. ఎండాకాలంలో అమ్మకు విరేచనాలై నీరసించిపోతే ఇక్కడే ఆదోనిలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. చేతి నరం దొరకలేదని నర్సమ్మ పర్మక్యాత్ మూత విప్పి సెలైన్ పెట్టబోయింది. అడ్డుపడ్డాను. ‘నరంలోనే ఉంది కదా, ఏమవుతుంది?’ అంది. రక్తం గడ్డకట్టకుండా ఆ పైపులో హెపారిన్ నింపి మూస్తారు. ముందు దాన్ని బయటికి తీయకుండా సెలైన్ ఎక్కిస్తే ఆ మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. పైగా మూత విప్పిన ప్రతిసారీ సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి వెళ్లే ప్రమాదం. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసినవాణ్ణి; నా క్యాష్ బ్యాగులో ఇంకొకరు చెయ్యి పెడితే ఊరుకునేవాణ్ణా?

చలి, వణుకుతో జ్వరమొస్తే మందుల షాపులో మాత్రలు కొనేవాళ్లూ మా వీధిలోనే ఉన్నారు. పైపు ఉన్న మనిషికి జ్వరమంటే ముందు పైపునే అనుమానించాలి. వెంటనే డయాలసిస్ కేంద్రానికి వెళ్లి రక్తం కల్చర్‌కు (రక్తంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్షకు) ఇవ్వాలి. యాంటీబయాటిక్ ఆ తర్వాత. ఇక స్నానం. పైపు దగ్గర తడవకూడదు. ఉగాదికి తలంటు లేదంటే అమ్మ అలిగింది. ఒళ్లు తడిగుడ్డతో తుడిచి, తల వెనక్కి వాల్చి, ఛాతీ మీద చుక్క పడకుండా కడిగాం. మా ఎండలకు చెమటతోనే డ్రెస్సింగ్ ఊడిపోతుంది, అదొక తంటా.

డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది, సంతోషం. దాంతోపాటు ప్రతి రోగికీ డయాలసిస్ కేంద్రమే తెలుగులో ఒక కార్డు ఇవ్వాలి. ‘ఈ పైపు డయాలసిస్‌కు మాత్రమే, సెలైన్‌కు, ఇంజెక్షన్లకు, రక్తం తీయడానికి వాడరాదు’ అని, కింద కేంద్రం ఫోను నంబరు. 108 సిబ్బందికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నర్సులకూ ఒక పూట శిక్షణ చాలు. కర్నూలు జిల్లా వైద్యాధికారులు దీన్ని ఆదోని డివిజన్ నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– విశ్రాంత ఆర్టీసీ కండక్టర్, ఆదోని