ఏది నేరం, ఏది ప్రమాదం: శీనుకి ఉత్తరం

విశాఖపట్నం

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట బుర్రలోంచి పోవడం లేదు. "కావాలని చెయ్యనిది నేరం ఎలా అవుతుందిరా, అది ప్రమాదం" అన్నావు. ఫోన్‌లో వాదిస్తే గొడవైపోతుందని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

2020 మే 7 సంగతే తీసుకో. తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరిన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్ల మీదికొచ్చింది. 12 మంది పోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరిన్‌ని చల్లగా ఉంచాలి, తనంతట తాను వేడెక్కి గట్టిపడకుండా అందులో రసాయనం కలుపుతూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆపొచ్చుగానీ ఆ పని ఆపకూడదు కదా! ఆ జాగ్రత్తలు సరిగ్గా తీసుకోలేదని, సైరన్ కూడా మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. తనిఖీ చేయాల్సిన శాఖలనూ తప్పుపట్టింది. ఇంకోటి విను. అంతకు ముందు ఏడాదే, చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమకు లేదని కంపెనీయే అఫిడవిట్‌లో రాసిచ్చింది. అయినా ఫ్యాక్టరీ నడిచింది, నడవనిచ్చారు. దీన్ని ఒట్టి ప్రమాదం అనడానికి నాకు నోరు రావడం లేదు.

పోలీసులు అప్పటి శిక్షాస్మృతిలోని 304 పార్ట్ టూ కింద, అంటే ప్రాణం పోవచ్చని తెలిసీ చేశారని కేసు పెట్టారు, సీఈఓని అరెస్టు చేశారు. ఆ సెక్షన్‌కి పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. భోపాల్ గ్యాస్ కేసులోనూ మొదట అదే పెట్టారు. 1996లో సుప్రీంకోర్టు దాన్ని 304ఏ కిందికి, అంటే నిర్లక్ష్యం కిందికి దించింది. అన్ని వేల ప్రాణాలకి 2010లో పడిన శిక్ష రెండేళ్లు. అదే శిక్షాస్మృతిలో మామూలు దొంగతనానికి మూడేళ్ల దాకా వెయ్యొచ్చురా! 2024లో వచ్చిన న్యాయ సంహితలో నిర్లక్ష్యానికి ఐదేళ్ల దాకా పెంచారు, అంతవరకూ మంచిదే.

ఇటు మన అడవివరం జైలు చూడు. పాడేరు, చింతపల్లి వైపు నుంచి గంజాయి మోస్తూ దొరికిన కుర్రాళ్లు అందులో ఉంటారు. 20 కేజీలు దాటితే కనీసం పదేళ్లు, బెయిల్ రావడం మహా కష్టం. గంజాయి వల్ల హాని లేదని నేననను. కానీ మోసినవాడు లోపల, డబ్బు పెట్టి మోయించినవాడు ఎక్కడో బయట.

ఏది నేరమో రాసేదీ ప్రభుత్వమే, పట్టుకునేదీ ప్రభుత్వమే, ఫ్యాక్టరీకి లైసెన్సు ఇచ్చేదీ ప్రభుత్వమే. 1871లో తెల్లదొరలు చట్టం చేసి మరీ కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులన్నారు. స్టువర్టుపురంలో ఎరుకలవాళ్లను అలాగే కాపలాలో పెట్టారు. 1952లో ఆ చట్టం పోయింది, ఊరి మీద పడ్డ ముద్ర మాత్రం పోలేదు. ఇక పోలీసుల మీదే ఆరోపణ వస్తే? 2007లో వాకపల్లిలో 11 మంది ఆదివాసీ ఆడవాళ్లు నక్సలైట్లను వేటాడే గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని చెప్పారు. 2023లో మన విశాఖ కోర్టు, దర్యాప్తు సరిగ్గా జరగలేదంటూ నిందితుల్ని విడిచిపెట్టి, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వమంది. ఆ దర్యాప్తు చేసింది కూడా పోలీసులే కదరా. దాదాపు పదహారేళ్లు ఎదురుచూసిన వాళ్లకి పరిహారం ఏపాటిది?

1939లోనే ఎడ్విన్ సదర్లాండ్ అనే అమెరికా సోషియాలజిస్టు, నేరానికి పేదరికమే కారణమంటే పెద్ద వ్యాపారస్తులు చేసేవాటిని ఏమంటారని నిలదీశాడు. ఆ తర్వాత ఇంకొందరు, ముందు హాని ఎవరికి జరిగిందో చూడండి, చట్టం దానికి ఏం పేరు పెట్టిందో తర్వాత చూడండి అన్నారు. నాకు ఈ దారే నచ్చింది. మన ఓల్డ్ టౌన్‌లో పోర్టు నుంచి వచ్చి కిటికీల మీద పేరుకునే బొగ్గు ధూళినే చూడు. దానివల్ల ఎవరూ ఒక్కరోజులో చచ్చిపోరు, అందుకే ఎఫ్ఐఆర్ ఉండదు. ఊపిరితిత్తులకి ఆ తేడా తెలుసా?

అలాగైతే హద్దు ఎక్కడ, అన్నీ నేరాలేనా అంటావు. అన్నీ కాదు. ముప్పు ఉందని తెలిసి, ఆపే అధికారం చేతిలో ఉండి, ఖర్చవుతుందనో ఒత్తిడి ఉందనో ఆపకపోతే, కావాలని చేసినదానికంటే అది ఏ విధంగా తక్కువో నువ్వే చెప్పు. లాయర్లా కాదు, శీనుగా చెప్పు. ఫోన్ చెయ్యకు, ఉత్తరమే రాయి.

నీ
రాజు