బాబాయి గారికి, పడవ ఎక్కే ముందు

సియాటిల్

బాబాయి గారికి నమస్కారం.

పులసల రోజుల్లో అంతర్వేది వదిలి ఇటు వస్తున్నారు గనక, ఓర్కాలను చూపించే పడవ సంగతులు ముందే రాస్తున్నాను.

ఓర్కాని తిమింగలం అంటారు గానీ అది డాల్ఫిన్ల కుటుంబంలోదే, అందరికన్నా పెద్దది. మగదాని వీపు రెక్క ఆరడుగుల దాకా ఉంటుంది. ఇక్కడ రెండు రకాలు తిరుగుతాయి. ఒకటి చేపలే తింటుంది, ముఖ్యంగా చినూక్ సాల్మన్. మన పులసలాగే ఆ చేపా సముద్రం నుంచి ఏటికి ఎదురీది గుడ్లు పెడుతుంది. ఆనకట్టలు దారి మూశాక చేప తగ్గింది, దాంతో ఓర్కాలకు తిండి తగ్గింది. ఆ మందలన్నీ కలిపినా ఇప్పుడు ఎనభైకి లోపే. ధవళేశ్వరం దిగువన వల వేసే మీకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రెండోది బిగ్స్ రకం. సీల్ అనే సముద్రపు జంతువుల్ని వేటాడుతుంది, పడవల వాళ్లు ఎక్కువగా చూపించేదీ దీన్నే. రెక్క కొన సూదిగా ఉంటే బిగ్స్ అనుకోండి.

చేపలు తినే ఓర్కా టిక్‌టిక్‌మని చప్పుడు చేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో సాల్మన్‌ని పట్టుకుంటుంది. ఇంజన్ మోతలో ఆ ప్రతిధ్వని వినపడదు, వేట తప్పిపోతుంది. అందుకే 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో వాటికి వెయ్యి గజాల దూరంలో ఉండాలి. బిగ్స్‌కి 200 గజాలు. "బాగా దగ్గరికి తీసుకెళ్తాం" అనే పడవ మనకొద్దు. ఎంత దూరంలో ఆగుతారో, ఇంజన్ ఆపుతారో లేదో అడిగి తీసుకుందాం. కొన్ని పడవల్లో నీళ్లలోకి మైకు దించుతారు. బిగ్స్ దగ్గర అది మూగగా ఉంటే చెడిపోయిందనుకోకండి. సీల్ వింటుందని అవి వేటలో నోరు మెదపవు.

ఆవిరిలా లేచే ఊపిరి కోసం చూడండి. నాలుగైదుసార్లు తేలి, తర్వాత కొన్ని నిమిషాలు లోపలే ఉంటుంది. మునిగిన చోటు కాకుండా, అది వెళ్తున్న దిక్కున ముందుకి చూడాలి. బైనాక్యులర్ 7x50 చాలు, అంతకన్నా పెద్దదైతే పడవ ఊపుకి బొమ్మ నిలవదు.

మీకు సముద్రం అలవాటే, నా దిగులు పిన్ని గురించే. ఆగస్టులోనూ గాలి కోసేస్తుంది. శాలువా ఆపదు, గాలి చొరని కోటు, చెవులు కప్పే టోపీ కావాలి. కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక పనిచేయదు. బీపీ మందులతో కలిపి వేసుకోవచ్చో లేదో అక్కడి డాక్టర్ని అడిగి రండి. ఊపు తక్కువ ఉండేది పడవ మధ్యలో. కళ్లు దూరపు గట్టు మీద ఉంచాలి.

పిన్ని పడవ వద్దంటే సాన్ హువాన్ దీవిలో లైమ్ కిల్న్ పార్కుంది. రాళ్ల మీద కూర్చుంటే, అదృష్టముంటే, ఒడ్డు పక్కనుంచే వెళ్తాయి, ఏ ఇంజనూ వాటిని తరమదు. అనకోర్టిస్ నుంచి ఫెర్రీలో కారుతో వెళ్లాలి. వేసవిలో చోటు ముందే రాయించుకోవాలి, మీ తేదీలు ఖాయమవగానే చెప్పండి.

మీ అబ్బాయి