ముద్ర వేసిన సంచి ధర

సంపాదకులకు నమస్కారం.

చేతిపనితో బతకాలనుకునే కొత్తవాళ్లకు సలహాలిస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. పేరు వచ్చేదాకా లాభం చూసుకోకుండా చవగ్గా అమ్మమన్నారు, పేరు వచ్చాక ధర పెంచుకోవచ్చన్నారు. 11 ఏళ్లుగా తోలు సంచులు, పర్సులు, బెల్టులు చేత్తో కుట్టి అమ్ముతున్నాను. మొదటి రెండేళ్లు అచ్చం అలాగే నడిచాను, నాకెవరూ చెప్పకుండానే. అందులోంచి బయటపడటానికి మరో మూడేళ్లు పట్టింది.

నా మొదటి భుజం సంచికి ధర ఎలా కట్టానంటే, తోలు, దారం, బకిల్ ఖర్చు కూడి రెండింతలు చేశాను. లెక్క తేలిక కదా! కొన్నావిడ సంబరపడి నలుగురికి చూపించింది. ఆ నలుగురూ వచ్చారు. అయితే వాళ్లు అడిగింది ‘ఆవిడకు కుట్టినట్టు కుట్టండి’ అని కాదు, ‘ఆవిడకిచ్చిన ధరకే ఇవ్వండి’ అని. పేరు రాలేదని అనలేను. వచ్చింది, చవగ్గా చేసిపెడతాడని. ధర పెంచిన నెలలో ఆ పేరు విని వచ్చినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. వాళ్లనేమీ అనను. ఆ అలవాటు చేసింది నేనే.

లెక్కే తప్పు. తోలు చదరపు అడుగుల్లో అమ్ముతారు. 20 అడుగులు కొంటే 20 అడుగుల సంచులు రావు. వీపు వైపు తోలు బిగువుగా ఉంటుంది. పొట్ట వైపుది సాగిపోతుంది, పట్టీకి పనికిరాదు. ముళ్లు గీసుకున్న గీతలు, పురుగు కుట్టిన మచ్చలు తప్పించి కోస్తే నాకు మిగిలేది 14, మహా అయితే 15. మిగతా ముక్కలు తాళంచెవుల బిళ్లలకు పోతాయి. నేనేమో సంచిలో కనిపించే తోలుకే ఖర్చు కట్టేవాణ్ణి.

ఇక గంటలు. మడత పర్సుకు ఎంతసేపు పడుతుందంటే మూడు గంటలని ధీమాగా చెప్పేవాణ్ణి. ఒకరోజు గడియారం, నోటుపుస్తకం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. కోతకు 35 నిమిషాలు. మడత పడేచోట రంపెతో, అంటే తోలు చెక్కే కత్తితో, తోలు పలచన చేయడానికి 40. కన్నాలూ కుట్టూ కలిపి 2 గంటల 20 నిమిషాలు. అంచులు తడిపి, రుద్ది, మైనం పట్టించి మళ్లీ రుద్దేసరికి గంటన్నర. తర్వాత ఫొటోలు, రంగు గురించి కొనేవాళ్లతో మాటామంతీ, ప్యాకింగ్, మరో 50 నిమిషాలు. మొత్తం ఆరు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ. అంటే అప్పటిదాకా నా కూలీలో సగం నేనే ఎగ్గొట్టుకున్నాను.

కుట్టుకు అంతసేపు దేనికని అడుగుతారు. ఒకటే దారం, రెండు కొసలకూ రెండు సూదులు. కుట్టే పొడవుకు దాదాపు నాలుగింతల దారం ముందే కోసుకుని మైనం పట్టించాలి. ఆరెతో, అంటే కన్నాలు పొడిచే మొనదేలిన పనిముట్టుతో, పొడిచిన ప్రతి కన్నంలోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా దూరాలి, రెండు చేతులూ ఒకే బిగువుతో లాగాలి. ఒక చెయ్యి కాస్త ఎక్కువ లాగిందా, వరస వంకర తిరుగుతుంది. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. ఒకటి తెగితే పక్క కుట్లూ వదులవుతూ పోతాయి. రెండు సూదుల కుట్టులో ఒకచోట తెగినా రెండో కొస నుంచి వచ్చిన దారం పట్టుకునే ఉంటుంది. ఈ తేడా కొన్నరోజు కంటికి ఆనదు, కొన్నేళ్ల తర్వాత ఆనుతుంది. ఇదంతా చెప్పకుండా ధర ఒక్కటే చెబితే, కొనేవాళ్లు మిషన్ సంచి ధరతో పోల్చక ఏంచేస్తారు?

కొత్తవాడి పని నాసిగా ఉంటుంది కదా, దానికి పూర్తి ధర ఎలా అడుగుతాడని మీరనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా మొదటి పది పర్సులు అమ్మకుండా ఉండాల్సింది, నేనూ ఇంట్లోవాళ్లూ వాడి ఎక్కడ పోతుందో చూడాల్సింది. ఇప్పటికీ కుట్టు తప్పిన సరుకు వస్తుంది. తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించి, తక్కువకే ఇస్తాను. కానీ దానిమీద నా పేరు ముద్ర కొట్టను. ముద్ర పడినదాని ధర తగ్గించను. బేరమాడితే పని తగ్గిస్తాను. లోపలి లైనింగ్ వద్దంటారా, ఒక అర తీసేయమంటారా, ధర ఆ మేరకు దిగుతుంది. స్నేహితులకు వేరే ధర లేదు. ఇష్టమైనవాళ్లకు ఊరికే ఇస్తాను గానీ సగానికి ఇవ్వను.

పేరు తెచ్చింది ధర కాదనడానికి నా తప్పే ఒకటి చెబుతాను. ఒక సంచికి పట్టీ కన్నాలు అంచుకు మరీ దగ్గరగా, రెండు మిల్లీమీటర్లలో వేశాను. ఎనిమిది నెలలకు పట్టీ చీల్చుకుని ఊడింది. కొన్నాయన కోపంగానే తెచ్చాడు. తప్పు నాదేనని చెప్పి కొత్త పట్టీ ఉచితంగా వేశాను. ఆ తర్వాత ఆయన పంపినవాళ్లు ధర అడిగే ముందు ‘పాడైతే బాగుచేస్తారటగా’ అని అడిగారు. అప్పట్నుంచీ ఒక్కో సంచి ధరలోనూ బాగుచేతకని కొంత కలుపుతున్నాను.

గంటల లెక్కలోనూ ఒక తిరకాసుంది. ఒకప్పుడు 12 గంటలు పట్టిన సంచి ఇప్పుడు ఎనిమిది గంటల్లోనే అవుతోంది. చెయ్యి తిరిగినందుకు ధర తగ్గించాలా? నేను తగ్గించలేదు. ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పటికీ కాస్త నసుగుతాను.

పోయిన నెల ఆ మొదటి సంచి ఆవిడ వచ్చింది, పట్టీ అరిగిపోయిందని. ఈసారి తప్పు నాది కాదు, తొమ్మిదేళ్లకు పైగా వాడింది. తోలు, గంటలు లెక్కేసి చెప్పాను. అప్పట్లో సంచి మొత్తానికి ఇచ్చినదానికంటే ఎక్కువైంది. ఆవిడ సంచి వంకా నా వంకా మార్చి మార్చి చూసి, ఆలోచించి చెబుతానని భుజాన వేసుకుని వెళ్లింది. ఇంకా రాలేదు.

— ఒక తోలు పనివాడు