రాళ్లు పరచండి, కింద నేలను మాత్రం మూసేయకండి

ఎడిటర్ గారికి నమస్తే,

ఈ మధ్య మీ ఆదివారం పేజీల్లో ఇంటి ముందు అలంకరణ రాళ్లు పరుచుకోవడం గురించి రాశారు. ఫొటోలు బాగున్నాయి. కానీ ఒక్కసారి రాళ్లు వేసేస్తే ఇక వాటి వైపు చూడనక్కర్లేదు అన్నట్టు రాశారు చూడండి, అక్కడే నాకు అభ్యంతరం. నేను హనుమకొండ, కాజీపేట వైపు ఇళ్లు కట్టించే పనిలో ఉన్నవాణ్ని. స్లాబు, ప్లాస్టరింగు, రంగులు అన్నీ అయ్యాక గేటుకూ గడపకూ మధ్య మిగిలిన జాగలో ఏం వేయాలన్నది ప్రతి ఇంటి దగ్గరా వచ్చే పంచాయితీయే కాబట్టి రాస్తున్నా. పెద్దగా ఉంటే కత్తిరించుకోండి, ప్లాస్టిక్ షీటు గురించి రాసింది మాత్రం ఉంచండి.

ముందే చెప్తున్నా, నేను రాళ్లకు వ్యతిరేకిని కాదు. మన దగ్గర జనం రాళ్ల వైపు ఎందుకు పోతున్నారో నాకు బాగా తెలుసు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులు, ఏప్రిల్ వచ్చేసరికి బోరు సన్నగా పోస్తుంది, లాన్ వేసుకుంటే రోజూ తడపాలి, కోయాలి, కోసేవాడు దొరకడు. ఇవన్నీ ఒక ఎత్తయితే కోతులు ఒక్కటే ఒక ఎత్తు. జామ పిందె పట్టనీయవు, కుండీలు దొర్లిస్తాయి, మందార మొగ్గ తెల్లారేసరికి నేల మీద ఉంటుంది. ఎన్నిసార్లని నాటుతారు? విసుగొచ్చి మొత్తం సిమెంటు చేయించేస్తారు, లేదా పార్కింగ్ టైల్స్ వేయించేస్తారు. కాబట్టి రాళ్లను పచ్చని తోటతో పోల్చి తిట్టేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: రాళ్లు వేయకపోతే అక్కడ తోటేమీ రాదు, కాంక్రీటు వస్తుంది. కాంక్రీటు కంటే విడిగా పరిచిన రాళ్లు చాలా నయం. ఎందుకంటే వాటి సందుల్లోంచి వాన నీళ్లు లోపలికి పోతాయి.

పోతాయి అంటే, పోనిస్తే పోతాయి. అసలు గొడవ ఇక్కడే ఉంది. కలుపు రాకుండా రాళ్ల కింద ఏదో ఒకటి పరచమని అందరూ చెప్తారు, అది సరైనదే. కానీ ఏం పరుస్తున్నారు? మిర్చి, పుచ్చకాయ తోటల్లో బోదెల మీద వేసే మల్చింగ్ షీటు తెచ్చి పరుస్తున్నారు, లేదంటే టార్పాలిన్. మన రైతు కుటుంబాలకు తెలిసిన సరుకు అది, చవకగా వస్తుంది, ఊరి నుంచి మిగిలిన చుట్ట ఒకటి తెచ్చి ఇంటి ముందు పరిచేస్తారు. పొలంలో ఆ షీటు కింద డ్రిప్పు పైపు ఉంటుంది, మొక్క మొదలుకి రంధ్రం ఉంటుంది, అక్కడ దాని పని వేరు. ఇంటి ముందు వేస్తే చుక్క నీరు కిందికి దిగదు. పైకి రాళ్లు కనిపిస్తాయి, నిజానికి అది ప్లాస్టిక్ నేల. వంద గజాల ఖాళీ జాగ మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 4,000 లీటర్ల నీళ్లు, అవన్నీ గేటు కింద నుంచి రోడ్డు మీదికి, రోడ్డు నుంచి నాలాలోకి. షీటు ఎక్కడో చిరిగిన చోట, గోడ వారన, నీళ్లు దిగి అక్కడే నిలుస్తాయి. నల్లరేగడి నేల అయితే అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, ఒక పక్క తడి ఒక పక్క పొడి ఉంటే కాంపౌండ్ గోడకు పగుళ్లు రావడానికి అంతకంటే ఏం కావాలి.

షీటుకు బదులు జియోటెక్స్‌టైల్ అని దొరుకుతుంది, పలచటి దుప్పటిలా ఉండే గుడ్డ. నీళ్లను దిగనిస్తుంది, రాళ్లు మట్టిలో కూరుకుపోకుండా ఆపుతుంది, కలుపును చాలావరకు ఆపుతుంది. ఖరీదు ఎక్కువే, కాదనను. కానీ ఇంటి మీద లక్షలు పెట్టినవాళ్లు ఈ గుడ్డ దగ్గరే ఎందుకు బేరం ఆడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దాని మీద రెండు నుంచి మూడు అంగుళాల మందం రాళ్లు చాలు. ఒకే సైజు రాళ్లయితే ఆ మందంలో దాదాపు 40 శాతం ఖాళీయే ఉంటుంది, అంటే పెద్ద వాన కొట్టినప్పుడు కాసేపు నీళ్లు ఆ సందుల్లో ఆగి మెల్లగా నేలలోకి దిగడానికి జాగ ఉన్నట్టే. అందుకే డస్టు కలిసిన కంకర వేయకూడదు, పొడి సందుల్ని మూసేసి గట్టిపడుతుంది. జల్లించిన రాయి అడగండి.

ఈ ఒక్కదానితో మా హనుమకొండలోని నయీంనగర్ నాలా పొంగదని నేను చెప్పడం లేదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వచ్చిన వానలు చూసినవాళ్లెవరూ అలా చెప్పలేరు. 2023లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా పడింది, దానికి ఏ ఇంటి ముంగిలీ సరిపోదు. కానీ అలాంటి వాన ఎప్పుడో ఒకసారి, మామూలు వానలు ప్రతి ఏడాదీ. ఆ మామూలు వానలకే కాలనీ రోడ్లు మోకాళ్ల లోతు అవుతున్నాయంటే ఇంటింటికీ నేల మూసేసుకోవడం కూడా ఒక కారణం. ఇల్లు కట్టేటప్పుడు పర్మిషన్ కోసం ఇంకుడు గుంత చూపిస్తాం, తర్వాత దాని మీద టైల్స్ వేసేస్తాం. ఇందులో ఓనర్లు, మేము, అందరం భాగస్వాములమే.

ఇక ఏ రాయి వేయాలన్న సంగతి. మీ పేజీలో ఫొటోలన్నీ తెల్ల గులకరాళ్లే. చూడ్డానికి బాగుంటాయి, కానీ షాపుల్లో అమ్మే ఆ నున్నటి తెల్లరాళ్లలో చాలావరకు పాలరాయి ముక్కలే, మిషన్లో దొర్లించి నున్నగా చేసినవి. పాలరాయి, తాండూరు బండ, షాబాద్ బండ, ఇవన్నీ సున్నపు జాతి రాళ్లు. వాటి ముక్కలు మొక్కల మొదళ్లలో పోస్తే మెల్లగా మట్టిలో సున్నం పెరుగుతుంది. మన బోరు నీళ్లలో అసలే సున్నం ఎక్కువ, దానికి ఇది తోడైతే మొక్కకు ఇనుము అందదు. నూరు వరహాల చెట్టును చూడండి, ముందుగా అదే చెప్తుంది: ఆకు పసుపు పచ్చగా అయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. యూరియా వేసినా పచ్చబడదు, మళ్లీ మొక్కదే తప్పంటారు. తాండూరు బండను నడిచే దారికి వేసుకోండి, దానికి అది మంచి రాయి. మొక్కల దగ్గర మాత్రం గ్రానైటు ముక్కలు వేయండి, అది మట్టి గుణాన్ని మార్చదు. తెల్లగానే కావాలంటే పలుగురాయి ఉంది.

తెలుపుకి ఇంకో కష్టం, మన ఎర్ర దుమ్ము. ఒక్క వేసవి చాలు, తెల్లరాళ్లు మొరం రంగుకు వస్తాయి. నల్ల గులకరాళ్ల మీద బోరు నీళ్లు పడితే తెల్లటి చారలు. రంగు పూసి అమ్మే నీలం, ఆకుపచ్చ రాళ్ల గురించి అయితే మాట్లాడకపోవడమే మంచిది. మనకు అచ్చొచ్చే రాయి కరీంనగర్ పక్కనే ఉంది. చాక్లెట్ రంగులో నల్ల మచ్చలతో ఉండే గ్రానైటు, బయట టాన్ బ్రౌన్ అంటారు. బ్లాకులు బ్లాకులుగా కాకినాడ పోర్టు మీదుగా చైనా దాకా పోయింది ఆ రాయి. దుమ్ము పడ్డా తెలియదు, వాన పడితే ఇంకా మెరుస్తుంది. మన వీధిలోని ఇళ్లకు మన గుట్టల రంగే నప్పుతుందని నా అభిప్రాయం, మీకు వేరేగా అనిపిస్తే అది మీ ఇష్టం.

గుండ్రటి రాయి కంటే కోణాలున్న చిప్స్ మేలు, అదీ 20 ఎంఎం సైజు. కోణాలుంటే ఒకదానికొకటి పట్టుకుంటాయి. గుండ్రటివి కాలు పెడితే జారతాయి, కారు ఎక్కితే పక్కకు తోసుకుపోతాయి, పెద్దవాళ్లున్న ఇంట్లో అది ప్రమాదం కూడా. గేటు నుంచి దర్వాజ దాకా నడిచే చోట మాత్రం ఏ చిప్సూ వద్దు, బండలే వేయండి. అంచుకు కడీల (కంచెకు పాతే రాతి స్తంభాల) ముక్కలు నిలబెడితే రాళ్లు రోడ్డు మీదికి పోవు. లెక్క కోసం చెప్తున్నా, వంద చదరపు అడుగులకు రెండు అంగుళాల మందం వేయాలంటే సుమారు 17 ఘనపుటడుగుల రాయి పడుతుంది, బరువులో ముప్పావు టన్ను దాకా. ఇది తెలియక ట్రాక్టర్ల కొద్దీ తెప్పించి మిగిలింది వీధిలో పోసేవాళ్లు ఉన్నారు.

వేడి గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. రామగుండం, మంచిర్యాల వైపు ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, మన వరంగల్ కూడా తక్కువేం కాదు. రాయి పగలంతా వేడి పట్టుకుని రాత్రి వదులుతుంది. పడమటి గోడకు, పడకగది కిటికీకి ఆనించి రాళ్లు పోస్తే రాత్రి పదింటికి కూడా కిటికీ తెరవలేరు. అక్కడ ఒక మూడు అడుగులు వదిలి మట్టే ఉంచండి, వీలైతే కానుగో వేపో ఒకటి నాటండి. నీడ పడితే సగం బాధ పోతుంది. చెట్టు మొదలుకు ఆనించి మాత్రం రాళ్లు పోయకండి, జానెడు వదలండి, బెరడు కాలకుండా, కుళ్లకుండా ఉంటుంది.

ఇప్పుడు, ఒక్కసారి వేస్తే ఇక పనే ఉండదు అన్నట్టు మీరు రాసిన మాటకు వస్తే, పని ఉంటుంది, తక్కువ ఉంటుంది, అంతే. వేపచెట్టు ఉంటే ఫిబ్రవరి, మార్చిలో ఆకు మొత్తం రాళ్ల మధ్యకే రాలుతుంది, ఊడవాలంటే చీపురుకు రాదు. అది వదిలేస్తే కుళ్లి మట్టి అవుతుంది, ఆ మట్టిలో గాలికి వచ్చిన వయ్యారిభామ విత్తనం మొలుస్తుంది. అంటే కలుపు కింద నుంచే రావాలని లేదు, పై నుంచి కూడా వస్తుంది. తుంగ అయితే షీటునైనా గుడ్డనైనా పొడుచుకుని వస్తుంది, అందుకే రాళ్లు వేయకముందే గడ్డలతో సహా తవ్వి తీయించాలి, దీనికి అడ్డదారి లేదు. తేళ్ల భయం చాలామంది అడుగుతారు. చిన్న చిప్స్‌తో అంత భయం లేదు, అందం కోసం పెద్ద బండరాళ్లు కుప్పగా పేర్చి కింద సందులు వదిలితేనే తేళ్లు, జెర్రులు చేరతాయి. పెద్ద రాయి పెట్టాలనుకుంటే మూడో వంతు నేలలోకి దించండి, చూడ్డానికీ అదే బాగుంటుంది.

ఇంటి ఆడవాళ్లను అడగకుండా ఈ పని చేయించవద్దని కూడా చెప్పాలి. నవ్వులాటకు కాదు. గడప నుంచి గేటు దాకా మొత్తం రాళ్లు పోస్తే సంక్రాంతికి ముగ్గు ఎక్కడ వేస్తారు? బతుకమ్మ ఎక్కడ పెట్టి ఆడతారు? గేటు లోపల ఒక పది అడుగులు చదునుగా బండలతో వదిలేస్తే ఏ గొడవా లేదు. ఇక మొక్కల విషయానికొస్తే, రాళ్ల మధ్య తంగేడు ఎందుకు పెట్టరు? మన రాష్ట్ర పుష్పం, మొరం నేలలో నీళ్లు లేకుండా బతికే చెట్టు, దసరాకు ముందు పసుపు పచ్చగా పూస్తుంది. బతుకమ్మ వచ్చిందంటే మార్కెట్లో తంగేడు కట్టలు కొనుక్కుంటాం, ఇంటి ముందు మాత్రం ఎక్కడి నుంచో వచ్చిన తాటి జాతి మొక్కను పెట్టి దానికి మోటారు వేసి తడుపుతాం. గునుగు కూడా అంతే, చేన్లో కలుపని పీకేస్తాం, రాళ్ల మధ్య ఒక మూలకు వదిలేస్తే అదే అందం. కాగితపు పూలు, కలబంద, దేవగన్నేరు కూడా నీళ్లు పెద్దగా అడగవు. గన్నేరు పెడితే చిన్నపిల్లలున్న ఇళ్లలో జాగ్రత్త, అది విషం.

చివరగా మీ పేపర్ చేయగలిగిన పని ఒకటి ఉంది. క్వారీల్లో తీసిన రాయిలో బ్లాకుగా పనికొచ్చేది కొంతే, మిగతాది ముక్కలై అక్కడే కుప్పలు పడి ఉంటుంది. పాలిషింగ్ యూనిట్ల దగ్గర కోసిన అంచులు రోడ్ల పక్కన పోస్తారు. ఇంటి అలంకరణ కోసం కొత్తగా ఇంకో గుట్టను పగలగొట్టడం నాకు ఇష్టం లేదు, నదిలో గులకరాళ్లు ఏరి తేవడం అంతకంటే ఇష్టం లేదు. పగిలిన రాయి ఇప్పటికే బోలెడు ఉంది. దాన్ని క్రషర్లో వేసి, జల్లించి, కడిగి, సంచుల్లో అమ్మితే రాజస్థాన్ నుంచి లారీల్లో వచ్చే తెల్లరాయి మనకెందుకు? కొందరు అడిగిన వాళ్లకు ఇస్తారు, కానీ సైజు కుదరదు, డస్టు కలిసి ఉంటుంది, లారీ నిండా అయితేనే పంపుతామంటారు, రెండొందల గజాల ఇంటికి లారీ రాయి ఏం చేసుకోవాలి? దీనికి అడ్డం పర్మిట్లా, రవాణా ఖర్చా, లేక అడిగేవాళ్లే లేకనా, మీ కరీంనగర్ విలేకరులు కనుక్కుని రాయండి. ఎక్కడ దొరుకుతుందో కూడా వేస్తే ఆ కాగితం నేను ప్రతి ఓనరుకూ చూపిస్తా.

ఇట్లు,
మీ పాఠకుడు,
హనుమకొండ