కాగితం లేని స్టార్

పెరంబూర్, చెన్నై
డిసెంబరు 13

ఒరేయ్ బావా,

వందనాలు. "ఈ ఏడు ఇంటికి స్టార్ కట్టలేదురా, క్యారల్స్ వాళ్లని కూడా రావద్దన్నాను" అని రెండే ముక్కలు పంపావు. అది వచ్చి పది రోజులైంది. రెండుసార్లు ఫోన్ చేయబోయి ఆగిపోయాను. మీ చిన్నోడు పోయినప్పటినుంచి ఫోనులో నువ్వు "ఊఁ", "సరే" తప్ప ఏమీ అనడం లేదు. ఉత్తరమైతే వెంటనే జవాబు చెప్పాల్సిన పని లేదు. బుద్ధి పుట్టినప్పుడు చదువుకో, లేదంటే పక్కన పెట్టు.

మా ఇంట్లో కూడా అమ్మ లేని మొదటి క్రిస్మస్ ఇది. ఇక్కడ వారం నుంచి ముసురు. ఐదున్నరకే చీకటి పడిపోతోంది, ఆరిన బట్ట అంటూ ఇంట్లో లేదు. మొన్న ఆదివారం అటక మీంచి అమ్మ ట్రంకుపెట్టె దించాను. గులాబీ పువ్వులు వేసే అచ్చు, చీర ముక్కలో చుట్టిన పశువుల పాక బొమ్మలు, వాటి అడుగున వెదురు బద్దల స్టార్. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

ఆ స్టార్ సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. 2015లో మేం జాఫర్‌ఖాన్‌పేటలో కింది వాటాలో ఉండేవాళ్లం కదా. డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నీళ్లు వదిలారు, అడయారు పొంగింది. మోకాళ్ల లోతు అనుకునేలోపే నడుము దాటాయి. అమ్మని వీపున ఎక్కించుకుని మేడమీద తమిళావిడ ఇంటికి చేర్చాను. మూడు రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టు లేదు. ఆవిడ ఉన్న బియ్యంతోనే అందరికీ గంజి కాచింది. ఊళ్లో జనాన్ని బయటికి తీయడానికి సముద్రం ఒడ్డునుంచి మత్స్యకారులు పడవలు వేసుకొచ్చారు. 2004 సునామీలో అదే సముద్రం వాళ్ల గుడిసెలు మింగింది. వాళ్లే వచ్చి వీధుల్లో తెడ్డు వేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

నీళ్లు తీశాక ఇంట్లో మిగిలింది బురదే. స్టార్ కాగితమంతా కరిగిపోయి, బద్దలు మాత్రం గోడకి అతుక్కుని ఉన్నాయి. పారేద్దామని తీశాను. అమ్మ లాక్కుని కడిగి, ఎండబెట్టి, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం గుమ్మానికి కట్టింది. కాగితం లేదు, లోపల బల్బు లేదు, ఉత్త బద్దలు. "ఇదేంటమ్మా, అందరూ చూస్తారు" అన్నాను. "చూడనీరా. ఆయన పుట్టింది కూడా రాత్రే కదా, ఎవరూ దీపాలు పెట్టి పిలవలేదు" అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది బావా. ఇల్లు పోయి కూర్చుంటే ఈ భక్తేమిటి అనిపించింది. ఆ మాట అర్థం కావడానికి అమ్మే పోవాల్సి వచ్చింది.

చిన్నోడి సమాధి కార్యక్రమంలో నీ చుట్టూ చేరి "అంతా దేవుని చిత్తం, ఏడవకూడదు" అన్నవాళ్లని చూసి నేను పక్కకి వెళ్లిపోయాను, నీకు గుర్తుందో లేదో. ఆ మాట నాకు సరిపడదు. సునామీ వచ్చింది క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. మేం గుడిలో ఉన్నాం. ఎవరో వచ్చి అయ్యగారి చెవిలో చెబితే, ఆయన ప్రసంగం ఆపి మత్తయి రెండో అధ్యాయం తీశారు. హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపించిన భాగం. రాహేలు పిల్లల కోసం ఏడుస్తూ "ఓదార్పు పొందనొల్లక యుండెను" అని ఉంది చూడు, అక్కడిదాకా చదివి ఇంకేం మాట్లాడలేదు. మనం క్రిస్మస్ నాటకాల్లో గొర్రెల కాపరుల్నీ జ్ఞానుల్నీ వేస్తాం, ఆ తల్లుల్ని వెయ్యం. సువార్త మాత్రం వాళ్లని వదల్లేదు. ఏడుపు ఆపమని వాళ్లకి చెప్పనూ లేదు. నువ్వు స్టార్ కట్టలేదని నీమీద దేవుడికి కోపం ఉంటుందని నేననుకోను.

పోయిన శనివారం శాంతోం గుడికి వెళ్లాను. మనం కతోలికులం కాకపోయినా అమ్మకి ఆ గుడి ఇష్టం, వెళ్లినప్పుడల్లా కింద యేసు శిష్యుడు తోమా సమాధి దగ్గర కాసేపు కూర్చునేది. నేనూ అక్కడే కూర్చున్నాను. పాత క్యాలెండరు ప్రకారం తోమా పండుగ డిసెంబరు 21న. 1969లో కతోలికులు జులై 3కి మార్చారు. ఏడాదిలో అన్నిటికంటే పొడుగు రాత్రి వచ్చే రోజుల్లో, క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు, నమ్మలేకపోయినవాడి పండుగ పెట్టుకున్నారు పూర్వం వాళ్లు. నాకది చాలా నచ్చింది.

మనకి సండే స్కూల్లో తోమా అంటే అనుమానపు మనిషి అని నేర్పారు. యోహాను ఇరవయ్యో అధ్యాయం మళ్లీ నిదానంగా చదువు. యేసు తిరిగి లేచాక మిగతా శిష్యులు "ప్రభువును చూచితిమి" అన్నారు, ఇతను నేను నమ్మను అన్నాడు. ఆ తర్వాత ఎనిమిది రోజులు గడిచాయి. ఆ ఎనిమిది రోజుల తర్వాత అతను ఎక్కడున్నాడు? వాళ్లతోనే, ఆ గదిలోనే. నమ్మకం లేనివాడివి బయటికి పో అని వాళ్లు అనలేదు. మీ సంతోషం నాకొద్దని ఇతనూ లేచిపోలేదు. తలుపులు మూసి ఉండగానే యేసు వచ్చాడు, గాయాలు మానకుండానే వచ్చాడు, వాటినే చూపించాడు.

నేను నీకు చెప్పాలనుకున్నది ఇదే బావా. ఈ ఏడు నీకు నిరీక్షణ లేకపోతే లేదు. పాట పాడలేకపోతే పాడొద్దు, సాక్ష్యం చెప్పమని నిన్నెవరూ లేపకుండా నేను చూసుకుంటాను. నీ బదులు మేం నమ్ముతాం. నువ్వు ఊరికే మా మధ్య కూర్చో. అమ్మ పోయిన రెండు నెలలూ నాకు ప్రార్థన రాలేదు. కళ్లు మూసుకుంటే ఆసుపత్రి మంచమే కనబడేది. అప్పుడు మా స్త్రీల సమాజం వాళ్లు ప్రతి గురువారం వచ్చి మా హాల్లో చాప పరుచుకుని ప్రార్థన చేసి వెళ్లేవాళ్లు. నేను వంటింట్లో టీ పెట్టేవాణ్ని, అంతే. ఆ టీ పెడుతూ పెడుతూ ఎప్పుడో ఒక గురువారం నేనూ ఆమేన్ అన్నాను.

ఇరవై నాలుగున పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికల్లా సెంట్రల్లో దిగుతావు, నేను స్టేషన్‌కి వస్తాను. చెల్లెమ్మనీ పిల్లల్నీ కూడా తీసుకురా. గులాబీ పువ్వులకి పిండి కలపడం మా ఆవిడకి సరిగ్గా రావడం లేదు, అచ్చుకే అంటుకుపోతున్నాయి. చెల్లెమ్మ చేతికి బాగా వస్తాయి కదా. స్టార్‌కి కొత్త కాగితం కొన్నాను గానీ ఇంకా అంటించలేదు. కాగితంతో కట్టాలో, అమ్మ కట్టినట్టు ఉత్త బద్దలే కట్టాలో తేలడం లేదు. నువ్వొచ్చి చెప్పు.

నీ
పెరంబూర్ బావ