డ్రైక్లీనింగ్ మెషీను నీళ్లు మోరీలో పోయొద్దు

సంపాదకుడు గారికి,

నగరంలో బోరునీళ్లు చెడిపోయాయనగానే అందరం పెద్ద ఫ్యాక్టరీల వైపే చూస్తాం. గల్లీ చివర డ్రైక్లీనింగ్ దుకాణం వెనక నుంచి మోరీలోకి పోయే బకెట్టెడు తేట నీళ్లు మాత్రం ఎవరి కంటా పడవు. బట్టల మురికి వదలగొట్టే సాల్వెంట్ (ద్రావకం), పెర్క్ అని పిలిచే పర్‌క్లోరోఇథిలీన్‌తో మెషీను నడిపే ప్రతి యజమానీ ఆ బకెట్ గురించి తెలుసుకోవాలి.

మురికి పట్టిన పెర్క్‌ను మెషీనులోనే మరిగించి, ఆవిరిని చల్లబరిచి మళ్లీ వాడతారు. బట్టల్లోని తేమ కూడా ఆవిరై దాంతో పాటే, పెర్క్‌నూ నీళ్లనూ వేరుచేసే సెపరేటర్‌లోకి దిగుతుంది. పెర్క్ నీటికంటే 1.62 రెట్లు బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది, నీళ్లు పై నుంచి పొర్లి బకెట్లో పడతాయి. తేటగా ఉన్నాయి కదా అని మోరీలో పోసేస్తారు. ఆ తేట నీటిలోనూ లీటరుకు దాదాపు 150 మిల్లీగ్రాముల పెర్క్ కరిగి ఉంటుంది. అమెరికాలో తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ లెక్కన పది లీటర్ల బకెట్ ఒక్కటి 3 లక్షల లీటర్ల మంచినీళ్లను ఆ హద్దు దాకా తీసుకుపోగలదు.

ఇదంతా సెపరేటర్ సరిగ్గా పనిచేస్తున్నప్పటి మాట. లోపల పీచు పేరుకున్నా, కూలింగ్ చాలక ద్రవం వెచ్చగా దిగినా పెర్క్ విడిపోకుండానే నీళ్లతో బయటికొస్తుంది. ఆ నీళ్లు గాజు సీసాలో పట్టి, మూత పెట్టి, గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున గాజుపూసల్లా బొట్లు చేరినా, నీళ్లు పలుచటి మజ్జిగలా తెల్లగా కనిపించినా మెషీను ఆపి సెపరేటర్ శుభ్రం చేయాల్సిందే. తెల్లబడటానికి చాలాసార్లు ఎక్కువైన డిటర్జెంటే కారణం.

మోరీలో పోస్తే కొట్టుకుపోతుందనుకోవడం పొరపాటు. డీజిల్ ఒలికితే నీటిమీద తెట్టు కట్టి కనిపిస్తుంది. పెర్క్ అలా కాదు, మోరీ అతుకుల్లోంచి, చివరికి సిమెంటు గచ్చులోంచి కూడా కిందికి దిగిపోతుంది. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. మన బోర్లకు నీళ్లొచ్చేది ఆ రాతి పగుళ్లలోంచే. పగుళ్లలోకి జారిన పెర్క్ ఏ బోరుకు చేరుతుందో పైనుంచి చెప్పలేం, పూర్తిగా తోడి తీయనూ లేం. గాలి తగలని చోట సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టే క్రమంలో వినైల్ క్లోరైడ్ పుడుతుంది. అది మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం.

మరిగించాక మిగిలే నల్లటి మడ్డి సంగతీ అంతే. తొందరపడి తీస్తే అందులో పెర్క్ చాలానే మిగిలిపోతుంది. పూర్తిగా మరగనిచ్చి, బాగా చల్లారాకే మూత తీయాలి. మామూలు గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు, సాల్వెంట్ ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కే కావాలి. ఆవిరి గాలికంటే అయిదు రెట్లకు పైగా బరువు, నేల మీదే పేరుకుంటుంది. దుకాణాల్లో ఎగ్జాస్ట్ ఫ్యాను కప్పు దగ్గర బిగించి ఉంటుంది, దాన్ని కిందికి దించాలి. పక్కనే గ్యాసు పొయ్యి మీద చాయ్ పెట్టడం మానాలి. మంట తగిలితే పెర్క్ ఆవిరి నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు.

బాలానగర్ లాంటి చోట్ల వర్క్‌షాపుల్లో నూనె జిడ్డు వదలగొట్టడానికి ట్రైక్లోరోఇథిలీన్ వాడేవారికీ ఇది వర్తిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకంగా, పెర్క్‌ను బహుశా క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. ట్రైక్లోరో తొట్టి దగ్గరికి కాస్టిక్ సోడా రానివ్వొద్దు, రెండూ కలిస్తే పేలే గుణమున్న వాయువు పుడుతుంది.

వాడేసిన సాల్వెంటూ, మడ్డీ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాలే. సాధారణంగా 90 రోజులకు మించి ఉంచుకోకూడదు. కానీ నెలకు బకెట్ మడ్డి వచ్చే దుకాణం సొంతంగా లారీ మాట్లాడుకుని దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపగలదా? కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతాల వారీగా నెలకో రోజు నిర్ణయించి, దుకాణాల నుంచి మూత బిగించిన డబ్బాలు తూకం వేసి తీసుకునే ఏర్పాటు చేయాలి. కిలో చొప్పున రుసుము వసూలు చేసినా ఫరవాలేదు. సెపరేటర్ నీళ్లను కూడా అందులో చేర్చాలి.

– పారిశ్రామిక భద్రత పనిలో ఉన్న పాఠకుడు, హైదరాబాద్